ఒక్క స్పాట్ మిగిలింది: ఫైవ్ స్టార్ కుర్రాడా, పోర్టల్ సీనియరా, ఎవర్ని తీసుకుంటే మేలు?

ఏప్రిల్ వచ్చిందంటే కాలేజ్ బాస్కెట్‌బాల్ ఫ్యాన్స్‌కి సీజన్ అయిపోయినట్టు కాదు, అసలు గోల అప్పుడే మొదలవుతుంది. సగం టీమ్ పోర్టల్‌లో, అంటే కాలేజీ మారాలనుకునేవాళ్ళ లిస్టులో, పేరిచ్చేస్తుంది, ఒకడు ఎన్‌బీఏ టీమ్‌లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌కి పోతానంటాడు, హైస్కూల్ నుంచి రావాల్సినవాడు ఉన్నట్టుండి డీకమిట్, వస్తానన్న మాట వెనక్కి, అంటాడు, కోచ్ దగ్గర చివరికి ఒకటో రెండో స్పాట్లు మిగుల్తాయి. ఇక్కడ ఎంఎస్ చేయడానికొచ్చి కాలేజీ టీమ్ పిచ్చి పట్టించుకున్న మనోళ్ళు డల్లాస్‌లోనూ హ్యూస్టన్‌లోనూ న్యూజెర్సీలోనూ బోలెడుమంది, వీకెండ్ నలుగురు కలిస్తే ఇదే వాదన. ఆ వాదన తిరిగి తిరిగి రెండు ప్రశ్నల దగ్గరే ఆగుతుంది, వీడికి రిక్రూటింగ్ సైట్లు ఇచ్చిన స్టార్లు ఎన్ని (ఐదైతే టాప్), వీడి పొజిషన్ త్రీనా (స్మాల్ ఫార్వర్డ్) ఫోరా (పవర్ ఫార్వర్డ్) అని. రెండూ పనికిమాలిన ప్రశ్నలని అనను గానీ ముందు అడగాల్సినవి మాత్రం అవి కాదు. వచ్చే నవంబర్‌లో మన టీమ్‌లో ఏ పని చేసే మనిషి లేడు, ఈ కుర్రాడు ఆ పని మొదటి మ్యాచ్ నుంచే చేయగలడా, ముందు ఇది తేల్చుకుంటే మిగతా సగం గొడవ దానంతటదే తగ్గిపోతుంది.

రూల్స్ గురించి రెండు ముక్కలు చెప్పేస్తా, ఎందుకంటే పదేళ్ళ కిందటి లెక్కలు పట్టుకుని అరిచేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2006 డ్రాఫ్ట్ నుంచి హైస్కూల్ అవ్వగానే నేరుగా ఎన్‌బీఏకి పోవడం కుదరదు, డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో 19 నిండాలి, అమెరికన్ కుర్రాడైతే తన హైస్కూల్ బ్యాచ్ బయటికొచ్చి ఏడాది కావాలి, అందుకే టాప్ కుర్రాళ్ళు ఒక్క ఏడాది కాలేజీలో ఆడి చెక్కేస్తారు. 2021 నుంచి ఒకసారి కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాల్సిన పని లేదు, 2024 నుంచి చదువు సరిగ్గా నడుస్తుంటే ఎన్నిసార్లు మారినా అడ్డు లేదు. 2021 జులైలో ఎన్‌ఐఎల్ డబ్బు, అంటే ఆటగాడు తన పేరు, ఫొటో వాడుకోనిచ్చి యాడ్స్ లాంటి వాటితో సంపాదించేది, మొదలైంది, 2025 జులై నుంచి కాలేజే నేరుగా ఆటగాడికి డబ్బివ్వచ్చు, మొదటి ఏడాదికి అన్ని ఆటలూ కలిపి ఒక్కో కాలేజీకి 20.5 మిలియన్ డాలర్ల దాకా. అలా డబ్బు పంచే కాలేజీలకి 13 స్కాలర్‌షిప్‌ల లెక్క పోయి 15 మంది రోస్టర్ వచ్చింది. మొత్తానికి ఏటా జరిగే మెగా ఆక్షన్ అనుకోండి, రిటెన్షన్ హక్కు మాత్రం ఎవ్వరికీ లేదు.

ఫైవ్ స్టార్ కుర్రాడు

అందరికీ నోరూరేది వీడి మీదే. యూట్యూబ్‌లో డంకులు, మెక్‌డొనాల్డ్స్ ఆల్ అమెరికన్ (దేశంలో టాప్ హైస్కూల్ ఆటగాళ్ళ లిస్టు) అనే ట్యాగ్, ఏఏయూలో పీచ్ జామ్ (స్కూల్ బయటి క్లబ్ టీమ్‌ల వేసవి టోర్నీ) క్లిప్పులు, కమిట్ అయిన రోజు ఆ కాలేజీ టోపీ పెట్టుకునే హడావిడి. వీళ్ళతో టైటిల్ రాదా అంటే వచ్చింది. 2012లో కెంటకీ ఆంథనీ డేవిస్‌తో కొట్టింది, 2015లో డ్యూక్ ఓకాఫోర్, టయస్ జోన్స్, విన్‌స్లో అనే ముగ్గురు ఫ్రెష్‌మెన్‌తో (కాలేజీలో మొదటి ఏడాది కుర్రాళ్ళతో) కొట్టింది. ఇక్కడ చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది, 2012 ఫైనల్లో డేవిస్ వేసిన షాట్లు 10, పడింది 1, మొత్తం 6 పాయింట్లు, అయినా మోస్ట్ అవుట్‌స్టాండింగ్ ప్లేయర్ అతనే, ఎందుకంటే 16 రీబౌండ్లు, 6 బ్లాకులు, 5 అసిస్టులు. అంటే షాట్ పడని రోజు కూడా పనికొచ్చే పని అతని చేతిలో ఉంది. ఫైవ్ స్టార్‌ని చూసేటప్పుడు నేను మొదట వెతికేది ఇదే, బాల్ వీడి చేతిలో లేనప్పుడు వీడు ఏం చేస్తున్నాడు అని.

రెండో వైపు లిస్టు చాలా పొడుగు. బెన్ సిమన్స్ ఎల్‌ఎస్‌యూలో ఆడిన ఏడాది టీమ్ టైటిల్ తేల్చే ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కే పోలేదు, అతను మాత్రం 2016 డ్రాఫ్ట్‌లో నంబర్ వన్ పిక్. మార్కెల్ ఫుల్జ్ ఉన్న వాషింగ్టన్ 9 గెలిచి 22 ఓడింది, 2017లో అతనూ నంబర్ వన్ పిక్కే. 2019 డ్యూక్‌లో జయాన్ విలియమ్సన్, ఆర్‌జే బారెట్, క్యామ్ రెడిష్, ఆ ఏడాది హైస్కూల్ బ్యాచ్‌లో మొదటి ముగ్గురూ ఒకే టీమ్‌లో, మిషిగన్ స్టేట్ చేతిలో 68-67తో ఎలీట్ ఎయిట్‌లో (చివరి ఎనిమిది టీమ్‌ల రౌండ్‌లో) అయిపోయింది, త్రీలు, అంటే మూడు పాయింట్ల దూరం షాట్లు, వేసేవాళ్ళు లేక. మన న్యూజెర్సీ ఎడిసన్ వాళ్ళకి అయితే చెప్పక్కర్లేదు, 2024-25లో వాళ్ళ పక్కనున్న రట్గర్స్‌లో డిలన్ హార్పర్, ఏస్ బెయిలీ ఇద్దరూ ఉన్నారు, డ్రాఫ్ట్‌లో రెండో పిక్ ఒకడు, ఐదో పిక్ ఇంకొకడు, టీమ్ రికార్డు 15-17. ఇద్దరి తప్పూ కాదు అది, పక్కనున్న ముగ్గురి సంగతి ఎవరూ ఆలోచించకపోతే అలాగే అవుతుంది. 2015 డ్యూక్ తర్వాత 2025 దాకా ఫ్రెష్‌మెన్ ముందుండి నడిపించిన టీమ్ ఏదీ టైటిల్ కొట్టలేదు.

అలాగని వద్దనేది కాదు. 2024 యూకాన్‌లో స్టెఫాన్ కాజిల్‌ని చూడండి, ఫైవ్ స్టార్, అసలు పని పాయింట్ గార్డ్ (బాల్ తెచ్చి ఆట నడిపేవాడు), కానీ అక్కడ బాల్ ట్రిస్టన్ న్యూటన్ చేతిలో ఉండేది. కాజిల్ ఏం గునవలేదు, అవతలి టీమ్‌లో బెస్ట్ గార్డ్‌ని పట్టుకున్నాడు, కట్ చేశాడు, త్రీలు పెద్దగా పడకపోయినా టైటిల్ కొట్టాడు, నాలుగో పిక్‌గా పోయి ఎన్‌బీఏలో రూకీ ఆఫ్ ది ఇయర్ కూడా అయ్యాడు. నంబర్ వన్ ఆప్షన్ కాకపోయినా ఒప్పుకునే ఫైవ్ స్టార్ దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. కానీ అది ర్యాంకింగ్‌లో కనపడదు, ఇంటర్వ్యూల్లో వాళ్ళ నాన్నో ట్రైనరో మాట్లాడే తీరులో కొంచెం కనపడుతుంది, మావాడు ఎన్ని షాట్లు వేస్తాడు అనేదే మొదటి మాట అయితే జాగ్రత్త.

ఇంకో మాట, టాప్ 10 ర్యాంక్ కుర్రాడూ 40వ ర్యాంక్ కుర్రాడూ ఒకే జాతి అనుకోవద్దు. ఫ్యాన్స్ ఎక్కువ మోసపోయేది ఆ 30 నుంచి 60 మధ్య ర్యాంక్ వాళ్ళ దగ్గరే అని నా అభిప్రాయం. మంచి టాలెంటే, కానీ మొదటి ఏడాది 20 ఏళ్ళు దాటిన గట్టి మనుషుల మధ్య పది నిమిషాలు ఆడటమే గగనం, ఆ ఏడాది అయ్యేసరికి పోర్టల్‌లో ఉంటాడు, మనం నేర్పిందంతా ఇంకో కాలేజీకి పోతుంది.

పోర్టల్ సీనియర్

వచ్చే ఏడాదే గెలవాలంటే నా ఓటు ఎక్కువసార్లు ఇటే. 2025 టైటిల్ ఫ్లోరిడాది, కోచ్ టాడ్ గోల్డెన్ టీమ్, దాంట్లో వాల్టర్ క్లేటన్ అయోనా నుంచి వచ్చాడు, అలైజా మార్టిన్ ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి, విల్ రిచర్డ్ బెల్మాంట్ నుంచి. ముగ్గురూ గార్డ్లే, ముగ్గురూ చిన్న కాన్ఫరెన్సుల్లో (కాలేజీ లీగుల్లో) దెబ్బలు తిని వచ్చినవాళ్ళే. సెమీఫైనల్లో ఆబర్న్ మీద క్లేటన్ 34 కొట్టాడు, హ్యూస్టన్‌తో ఫైనల్లో ఫస్టాఫ్‌లో సున్నా, అయినా కంగారు పడలేదు, సెకండాఫ్‌లో 11, చివర్లో హ్యూస్టన్ షూటర్ మీదికి ఎగిరి షాట్ వేయనీకుండా చేసింది కూడా అతనే, 65-63. సున్నాతో హాఫ్‌టైమ్‌కి వెళ్ళి తిరిగొచ్చి అలా ఆడటం 18 ఏళ్ళ కుర్రాడి వల్ల అవుతుందా అంటే అవ్వచ్చు, కానీ నేను పందెం కాయను.

2024 యూకాన్‌లో కూడా న్యూటన్ ఈస్ట్ కరోలినా నుంచి, క్యామ్ స్పెన్సర్ లయోలా మేరీలాండ్‌లో మొదలై రట్గర్స్ మీదుగా వచ్చాడు. డాల్టన్ నెక్ట్ కథ ఇంకా బావుంటుంది, జూనియర్ కాలేజీలో మొదలుపెట్టి నార్తర్న్ కొలరాడోకి, అక్కడ్నుంచి టెనెసీకి, వచ్చిన ఏడాదే టెనెసీ ఆడే పెద్ద కాన్ఫరెన్సు ఎస్ఈసీలో ప్లేయర్ ఆఫ్ ది ఇయర్. ఇక 2024 మార్చ్‌లో ఓక్లండ్ కెంటకీని 80-76తో ఇంటికి పంపించిన మ్యాచ్ గుర్తుందిగా, అటు కెంటకీలో రీడ్ షెపర్డ్, రాబ్ డిలింగ్‌హమ్, ఇద్దరూ ఆ వేసవిలో టాప్ 10 పిక్కులు, ఇటు జాక్ గోల్కీ అనే, కింది స్థాయి డివిజన్ టూ నుంచి వచ్చిన పెద్దాయన, 10 త్రీలు, 32 పాయింట్లు. గోల్కీకి ఒకటే పని వచ్చు, ఆ పని కోసమే అతన్ని తీసుకున్నారు, అంతే.

కానీ పోర్టల్‌లో పప్పులో కాలేసే చోటు కూడా ఉంది. చిన్న కాన్ఫరెన్సులో మ్యాచ్‌కి 20 కొడుతున్నాడని చూసి ఎగబడతారు, అక్కడ టీమ్‌లో షాట్లన్నీ వాడివే కాబట్టి 20 వస్తాయి, ఇక్కడ 8 షాట్లే దొరికితే ఏం చేస్తాడో చూడాలి కదా. నేను చూసేవి ఇవి: పెద్ద టీమ్‌ల మీద ఆడిన మ్యాచ్‌ల్లో ఏం చేశాడు, టోర్విక్ అనే లెక్కల సైట్‌లో టాప్ 50 టీమ్‌ల మీద మాత్రమే అని ఫిల్టర్ పెట్టి చూడచ్చు, ఫ్రీ త్రో శాతం, త్రీ శాతం ఒక్క ఏడాదిలో ఎటైనా ఊగుతుంది గానీ ఫ్రీ త్రో అబద్ధం చెప్పదు, గార్డ్ అయితే అసిస్ట్‌లకీ టర్నోవర్‌లకీ (బాల్ పోగొట్టుకోవడాలకీ) ఉన్న తేడా. నాలుగేళ్ళలో నాలుగు కాలేజీలు మారినవాడి దగ్గర మాత్రం ఎందుకు మారాడో కనుక్కోకుండా ముచ్చట పడొద్దు, డబ్బు కోసం మారితే అర్థం చేసుకోవచ్చు, ప్రతి కోచ్‌తోనూ గొడవైతే మన కోచ్ ఏం ప్రత్యేకం.

ర్యాంక్ లేని పొడుగు కుర్రాడు, బయటి దేశం కుర్రాడు

ఓపిక ఉన్న కోచ్‌కి వీళ్ళు బంగారం. జాక్ ఈడీ టొరాంటో కుర్రాడు, చిన్నప్పుడు హాకీ, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్‌కి లేటుగా వచ్చాడు, రిక్రూటింగ్ ర్యాంక్ ఎక్కడో వందల్లో. పర్డ్యూలో నాలుగేళ్ళు ఉండి 2023, 2024 రెండేళ్ళూ నేషనల్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్. అయితే 2023లో అదే పర్డ్యూ నంబర్ వన్ సీడ్‌గా 16వ సీడ్ ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో ఓడింది, 2024 ఫైనల్లో యూకాన్ ఏం చేసిందంటే ఈడీ కొట్టుకుంటే కొట్టుకోనీ అని డబుల్ టీమ్ (ఇద్దరు కలిసి ఒకడి మీద పడటం) చేయకుండా వదిలేసింది, అతను 37 కొట్టాడు, కానీ పర్డ్యూ టీమ్ మొత్తం కలిపి వేసిన త్రీలు 7, పడింది 1, స్కోర్ 75-60. ఏడడుగుల మనిషి మీ దగ్గరుంటే మిగిలిన స్పాట్‌కి ఇంకో పొడుగు మనిషి వద్దు, షూటర్‌ని తీసుకోండి, ఆ ఒక్క మ్యాచ్ చూస్తే చాలు.

ఈ దారిలో ఇప్పుడున్న చిక్కు ఏంటంటే రెండేళ్ళు పెంచి పెద్ద చేస్తే మూడో ఏడాది ఎక్కువ డబ్బిచ్చేవాడు ఎత్తుకుపోతాడు. అందుకే ఇది కోచ్ ఊళ్ళోవాడో, చదువు కోసం అదే కాలేజీ కావాలనుకున్నవాడో అయితేనే నాకు నమ్మకం.

బయటి దేశం వాళ్ళ సంగతి మనకి బాగా అర్థమవుతుంది, ఎందుకంటే ఎఫ్-1 వీసా బాధలు మనకి తెలియనివా. ఈడీ అంతటివాడు కూడా కెనడా పౌరుడు కావడంతో అమెరికాలో ఉండగా ఎన్‌ఐఎల్ డీల్స్ స్వేచ్ఛగా చేసుకోలేకపోయాడు, క్యాంపస్ బయట పని చేయకూడదనే అదే రూల్, మనోళ్ళు గ్యాస్ స్టేషన్‌లో భయపడుతూ నిలబడేలా చేసిన రూలే. ఆట పరంగా మాత్రం యూరప్ కుర్రాళ్ళు అక్కడ పెద్దవాళ్ళతో ప్రో లీగుల్లో ఆడి వస్తారు కాబట్టి పాస్ ఎప్పుడివ్వాలో బాగా తెలుస్తుంది. ఇలినాయ్‌కి వచ్చిన లిథువేనియా గార్డ్ యాకుచోనిస్, బీవైయూకి వచ్చిన రష్యా కుర్రాడు యెగోర్ డ్యోమిన్, ఇద్దరూ 2025లో ఫస్ట్ రౌండ్ పిక్కులే. ఫ్లోరిడా టైటిల్ టీమ్‌లో బిగ్ (బాస్కెట్ దగ్గర ఆడే పొడుగు మనిషి) అలెక్స్ కాండన్ ఆస్ట్రేలియావాడు. ఇక్కడి ఫిజికల్ డిఫెన్స్‌కి అలవాటు పడటానికి జనవరి దాకా టైమ్ పడుతుంది, అది లెక్కలో పెట్టుకోండి.

వాడు త్రీనా ఫోరా అనే గొడవ

ఇప్పుడు అసలు తలనొప్పి. 2017లో ఎన్‌బీఏ టీమ్ బోస్టన్ కోచ్‌గా ఉన్నప్పుడే బ్రాడ్ స్టీవెన్స్, బట్లర్ కాలేజీని వరసగా రెండుసార్లు ఫైనల్‌కి తీసుకెళ్ళిన మనిషి, ఐదు పొజిషన్ల లెక్క పోయిందని, బాల్ హ్యాండ్లర్, వింగ్ (పక్కల నుంచి ఆడేవాడు), బిగ్ మూడే మిగిలాయని చెప్పాడు. అయినా మనవాళ్ళు ఇంకా పాయింట్ గార్డ్ ఒకటి, షూటింగ్ గార్డ్ రెండు, స్మాల్ ఫార్వర్డ్ మూడు, పవర్ ఫార్వర్డ్ నాలుగు, సెంటర్ ఐదు అని అంకెలేసి కొట్టుకుంటారు. అంకె మానేసి మూడు సంగతులు చూడమంటాను. అవతలి టీమ్‌లో వీడు ఎవర్ని ఆపగలడు, అదే డిఫెన్స్‌లో వీడి పొజిషన్. కార్నర్‌లో నిలబడితే వీడి డిఫెండర్ వీడి దగ్గరే ఉంటాడా లేక వదిలేసి పెయింట్‌లోకి (బాస్కెట్ కింది చోటుకి) పోతాడా. ఫుల్ కోర్ట్ ప్రెస్ (కోర్టంతా వెంటపడి అడ్డుకోవడం) వచ్చినప్పుడు బాల్ వీడి చేతికిస్తే అవతలి వైపుకి చేరుతుందా.

ఈ మూడూ పెట్టి పాత కేసులు చూస్తే భలే ఉంటుంది. స్టెఫ్ కరీని వర్జీనియా టెక్, వాళ్ళ నాన్న ఆడిన కాలేజీ, స్కాలర్‌షిప్ ఇవ్వకుండా వాక్ ఆన్‌గా రమ్మంది, సన్నగా ఉన్నాడు, పాయింట్‌కి పనికిరాడు, టూకి పొట్టి. డేవిడ్సన్‌లో మొదటి రెండేళ్ళు షూటింగ్ గార్డే, బాల్ జేసన్ రిచర్డ్స్ తెచ్చేవాడు, 2008లో ఎలీట్ ఎయిట్ దాకా వెళ్ళారు, రిచర్డ్స్ వెళ్ళిపోయాక మూడో ఏడు పాయింట్ ఆడుతూనే దేశం మొత్తంలో స్కోరింగ్‌లో ఫస్ట్. డ్రేమండ్ గ్రీన్ ఇంకో కేసు, 6 అడుగుల 6 అంగుళాలు, ఫోర్‌కి పొట్టి, త్రీకి స్లో అని అందరూ ట్వీనర్ అన్నారు, మిషిగన్ స్టేట్‌లో నాలుగేళ్ళు ఆడి బిగ్ టెన్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయినా 35వ పిక్‌లో పోయాడు. మొదటి ప్రశ్నే అడిగుంటే తేలేది, ఎవర్ని ఆపగలడు అంటే అందర్నీ.

ఆంథనీ డేవిస్ హైస్కూల్లో గార్డ్, మధ్యలో ఎనిమిది అంగుళాల దాకా పెరిగి బిగ్ అయ్యాడు, గార్డ్ చేతులు మాత్రం పోలేదు. కెవిన్ డ్యురాంట్ అయితే ఎన్నేళ్ళో తన హైట్ 6-9 అనే చెప్పుకున్నాడు, నిజానికి ఇంకా పొడుగు, స్మాల్ ఫార్వర్డ్ అంటే ఆ హైటే బావుంటుందని, కాబట్టి కాలేజీ వెబ్‌సైట్‌లో హైట్ చూసి పొజిషన్ తేల్చే పెద్దమనిషికి ఒక నమస్కారం. ఎక్కువమంది విషయంలో ఉల్టా జరుగుతుంది, ఒకటో రెండో అంగుళాలు కలిపి రాస్తారు, బూట్లతో సహా.

ఇక కూపర్ ఫ్లాగ్. డ్యూక్‌లో ఉన్నప్పుడు త్రీ అని కొందరు, ఫోర్ అని కొందరు, ఆ గొడవ తేలకముందే డల్లాస్‌కి నంబర్ వన్ పిక్‌గా పోతే అక్కడ కోచ్ జేసన్ కిడ్ మొదట్లోనే అతన్ని పాయింట్ గార్డ్‌గా దింపాడు. డల్లాస్‌లో ఉన్న మనోళ్ళ మొహాలు చూడాల్సింది అప్పుడు. నా లెక్కలో ఫ్లాగ్ వింగ్, అంతకు మించి పేరు పెట్టక్కర్లేదు, ఎందుకంటే ఒకటో నంబర్‌నీ నాలుగో నంబర్‌నీ ఇద్దర్నీ ఆపుతాడు. ప్రెస్ వస్తే బాల్ తెచ్చే పని రోజంతా అతని మీద వేయడం మాత్రం దండగ, ఆ ఓపిక డిఫెన్స్‌కి దాచాలి. డ్యోమిన్ దీనికి ఉల్టా, 6-9 ఉన్నా అటాక్‌లో పక్కా బాల్ హ్యాండ్లర్, డిఫెన్స్‌లో వింగ్‌ని పట్టుకోవాలి, అంటే వాడి పక్కన చిన్న గార్డ్‌లని ఆపే కుర్రాడు ఒకడు తప్పనిసరి. ఒక్కడిని తీసుకుంటున్నాం అనుకుంటాం, నిజానికి వాడి పక్కవాడిని కూడా తీసుకుంటున్నాం.

మరి ఎవర్ని తీసుకోవాలి

బాల్ తెచ్చే గార్డ్ వెళ్ళిపోయి ఉంటే ఆలోచించొద్దు, 21, 22 ఏళ్ళ పోర్టల్ గార్డ్. హ్యూస్టన్ 2024లో ఓక్లహోమా నుంచి మిలోష్ ఉజాన్‌ని అలాగే తెచ్చింది, మరుసటి ఏప్రిల్‌లో ఫైనల్లో ఉంది. ఫైవ్ స్టార్ పాయింట్ గార్డ్ చేతికి మొదటి రోజే తాళాలివ్వడం టయస్ జోన్స్ లాంటి వాడు దొరికితేనే.

గార్డ్లు ముదురు వాళ్ళే ఉండి, షూటర్లూ ఉండి, ఆకాశానికి ఎగిరే మనిషి లేకపోతే అప్పుడు ఫైవ్ స్టార్ వింగ్‌కి వెళ్ళండి, డబ్బు ఎంత అడిగినా. ఆ టీమ్‌లో వాడి తప్పులు కప్పేవాళ్ళు ఉంటారు. టీమ్ మొత్తం కొత్తదైతే ఫైవ్ స్టార్ వస్తే టికెట్లు అమ్ముడవుతాయి, టీవీలో కనపడతారు, గెలుపు మాత్రం రట్గర్స్‌ని అడగండి.

పెయింట్‌లో ఎవరూ లేకపోతే పోర్టల్ బిగ్‌లు బాగా ఖరీదు, దొరికినా సగం మందికి ఫౌల్ ట్రబుల్, ఇక్కడ బయటి దేశం బిగ్ మేలు అనిపిస్తుంది, స్క్రీన్ పెట్టడం (డిఫెండర్‌కి అడ్డుగా నిలబడటం), పాస్ చేయడం నేర్చుకుని వస్తాడు. అంతా బావుంది, బెంచ్‌లో చివరి సీటే ఖాళీ అంటే మన స్టేట్ కుర్రాడికి, ఎదగడానికి సిద్ధంగా ఉన్నవాడికి ఇవ్వండి, 45వ ర్యాంక్ వాడికి కాదు, వాడు మార్చ్‌లోనే ఫోన్లు మొదలుపెడతాడు.

ఇద్దరి మధ్య అస్సలు తేలకపోతే ఇద్దరూ ఓడిపోయిన మ్యాచ్‌ల టేపులు పెట్టి చూడండి, హైలైట్స్ కాదు, ఫుల్ మ్యాచ్, చివరి ఎనిమిది నిమిషాలు, 12 పాయింట్లు వెనక పడ్డాక డిఫెన్స్‌కి వెనక్కి ఎవడు పరిగెత్తుతున్నాడో వాడిని తీసుకోండి, వాడు త్రీ అయినా ఫోర్ అయినా.